వాయిద్యాల చార్టు పక్కన పెట్టండి, పీటర్ కథ చెప్పండి

మీ ప్రశ్న: "మా పాపకు ఐదేళ్లు. వెస్టర్న్ ఆర్కెస్ట్రా వాయిద్యాలు పరిచయం చేద్దామనుకుంటున్నాం. ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ లాంటి సంగీత కథలు నిజంగా పనికొస్తాయా? లేక నేరుగా క్లాసులో చేర్పించడమే మంచిదా?"

పనికొస్తాయి. నా దృష్టిలో ఆ వయసుకి అంతకంటే మంచి దారి లేదు. కానీ కథ మీరే చెప్పాలి, మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పాలి. వీడియో పెట్టకూడదు. ఈ జాగ్రత్తలు తీసుకోకపోతే పాప చూసిన కార్టూన్లలో అది కూడా ఒకటైపోతుంది, అంతే.

మేము ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి ఈ వాయిద్యాలన్నీ ఆ కథతోనే పరిచయమయ్యాయి. అప్పుడు వాడిది ఇంచుమించు మీ పాప వయసే. అంతకుముందు ఎవరో బర్త్‌డేకి వాయిద్యాల ఫ్లాష్ కార్డులు ఇచ్చారు. తీగ వాయిద్యాలు ఒక రంగు, ఊదేవి ఇంకో రంగు, కొట్టేవి మరో రంగు. బొమ్మ చూపిస్తే పేరు టకటకా చెప్పేసేవాడు. క్లారినెట్ ఎలా మోగుతుందిరా అంటే మాత్రం నోరు మెదిపేవాడు కాదు. ఎలా మోగుతుందో తెలియని వాయిద్యం పేరు పిల్లవాడికి ఎందుకు? బొమ్మ చూసి పేరు చెప్పగానే చప్పట్లు కొట్టే ఈ అలవాటు నాకు అస్సలు నచ్చదు. చెవికి అందాల్సినదాన్ని కంటికి అప్పజెప్పేస్తున్నాం.

ఈ కథ పుట్టిందే చెవి కోసం. 1936లో మాస్కోలో పిల్లల థియేటర్ నడిపిస్తున్న నతాలియా సాట్స్ అడిగితే రష్యన్ స్వరకర్త సెర్గీ ప్రొకోఫియెవ్ దీన్ని రాశారు. మొదట వేరొకరితో పద్యాల్లో కథ రాయించారు. అది ఆయనకు నచ్చలేదు. తనే కూర్చుని మామూలు వచనంలో, చిన్న చిన్న వాక్యాల్లో రాసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. సంగీతం ఉన్నచోట మాటలు కూడా పాట పాడక్కర్లేదని ఆయనకు తెలుసు. అదే ఏడాది మే నెలలో జరిగిన మొదటి ప్రదర్శనకు పెద్దగా ఆదరణ రాలేదు. మరుసటి ఏడాది సాట్స్‌ని అరెస్టు చేసి లేబర్ క్యాంపుకి పంపారు. ఏళ్ల తర్వాత బయటికొచ్చిన ఆవిడ, పిల్లల సంగీతానికంటూ 1965లో మాస్కోలో మళ్లీ థియేటర్ పెట్టారు. ఈ కథ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ప్రొకోఫియెవ్ పేరు చెప్పి ఆపేస్తారు. అడిగిన మనిషి లేకపోతే ఆయన రాసేవారా?

కథ చాలా చిన్నది, సంగీతంతో కలిపి అరగంటలోపే. పీటర్ అనే అబ్బాయి తాతయ్య మాట వినకుండా గేటు తీసుకుని పచ్చిక మైదానంలోకి వెళ్తాడు. అక్కడ పిట్ట, బాతు, పిల్లి ఉంటాయి. అడవిలోంచి తోడేలు వస్తుంది, బాతును మింగేస్తుంది. పీటర్ చెట్టెక్కి, పిట్ట సాయంతో తోడేలు తోకకి తాడు బిగిస్తాడు. పిట్ట అంటే ఫ్లూట్. బాతు ఓబో, పిల్లి క్లారినెట్, తాతయ్య బొంగురు గొంతు బసూన్, ఇవన్నీ ఊదేవే. తోడేలుకి మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, అంటే చుట్టలు చుట్టిన ఇత్తడి బూరలు. పీటర్‌కి వయొలిన్ కుటుంబం మొత్తం. చివర్లో వచ్చే వేటగాళ్ల తుపాకులు టింపనీ అనే గిన్నె డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇందులో ఫ్లూట్ ఒక్కటే, ఓబో ఒక్కటే, క్లారినెట్, బసూన్ కూడా ఒక్కొక్కటే. అందుకే హాల్లో కూర్చున్న పిల్లలు వేలుపెట్టి "అదిగో పిల్లి" అని ఒక మనిషిని చూపించగలరు. మామూలు సింఫనీలో ఒక్కో రకం వాయిద్యం ఇద్దరు ముగ్గురు కలిసి ఊదుతుంటే ఐదేళ్ల పిల్లకు అదంతా కలిసిన పెద్ద శబ్దంగానే వినిపిస్తుంది.

మా ఇంట్లో ఎలా చేశామో చెప్తాను. కథకుడి గొంతు లేని రికార్డింగ్ సంపాదించాం. అలాంటివి దొరుకుతాయి, కాస్త వెతకాలి. మొదట కథ జోలికే వెళ్లలేదు. ఒక్కో పాత్ర స్వరాన్ని విడిగా వినిపించాం. ఇది నా తెలివి కాదు, ప్రదర్శనకు ముందు పిల్లలకు వాయిద్యాలు చూపించి, వాటి స్వరాలు వినిపించమని ప్రొకోఫియెవే స్కోరులో, అంటే స్వరాలు రాసిన పుస్తకంలో, రాశారు. ఆ తర్వాత కథ. హరికథలో దాసుగారు మాట ఆపిన చోట వాయిద్యం అందుకున్నట్టు, నేను వాక్యం పూర్తిచేసి ఆగితే సంగీతం అందుకునేది. అది మోగుతున్నంతసేపూ నోరు తెరవకూడదు. "విన్నావా, అదే పిల్లి, నడుస్తోంది చూడు" అని మధ్యలో దూరే అలవాటు మనకి ఎక్కువ. మానుకోండి. క్లారినెట్ కింది స్వరాల్లో మెత్తగా అడుగులు వేస్తుంటే అది పిల్లి అని ఏ పిల్లలకీ చెప్పక్కర్లేదు. తోడేలు రాగానే అదే క్లారినెట్ గబగబా పైకి పరిగెడుతుంది, పిల్లి చెట్టెక్కేసింది. మా వాడు ఆ చోట సోఫా వెనక్కి ఎక్కేసేవాడు.

మా నాన్నగారు అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆయనకు వెస్టర్న్ సంగీతంతో పరిచయమే లేదు. ఓబో వినగానే పేపరు దించి, "ఇదేంటమ్మా, మన సన్నాయి గొంతులా ఉందే" అన్నారు. ఆయన చెవి చెప్పింది నిజమే. సన్నాయిలోనూ ఓబోలోనూ నోట్లో పెట్టుకునే చోట రెండు రీడ్లు, అంటే పల్చటి రెల్లు రేకులు, ఒకదానికొకటి తగిలి అదురుతాయి, ఆ ముక్కు గొంతు వచ్చేది అక్కడినుంచే. బసూన్‌ది కూడా అదే పద్ధతి. క్లారినెట్‌కి ఒక్కటే రీడ్. ఇక క్లారినెట్ మన ఊళ్లలో పెళ్లి బ్యాండు మేళంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇదంతా మా వాడికి తాతయ్యే చెప్పారు. కథలో గొణిగే తాతయ్య బసూన్ మోగినప్పుడల్లా "తాతా, నువ్వే" అని ఆయన్ని కుదిపేవాడు. కథని తెలుగులో చెప్పమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంగ్లీషు కథకుడి గొంతు పెట్టి ఉంటే మా నాన్నగారు పేపరు దించేవారు కాదు.

కొందరు పీటర్‌ని బాలు చేసి, తోడేలుని పులి చేసి చెప్తారు. నేను ఒప్పుకోను. అది రష్యా కథ, రష్యా కథగానే ఉండనివ్వండి. పిల్లలకు తోడేలూ అర్థమవుతుంది, పీటరూ అర్థమవుతాడు.

తర్వాత కొన్నాళ్లకి మా ఊరి హాల్లో పిల్లల కచేరీ ఉందని తీసుకెళ్లాం. ఆ రోజు చూసింది నేను మరిచిపోలేను. వాద్యకారులు వచ్చి కూర్చున్నారు. ఎవరికి వాళ్లు ఏదో వాయించుకుంటున్నారు, హాలంతా గోల. ఉన్నట్టుండి అందరూ ఆపేశారు. ఓబో ఒక్కటే ఒక స్వరాన్ని నిలిపి పట్టింది. ఆర్కెస్ట్రా అంతా దానికే శ్రుతి చేసుకుంటుంది, అది ఆనవాయితీ. అది కచేరీ మొదలు కూడా కాదు, కథ అసలే కాదు. మా వాడు సీట్లో లేచి నిలబడి "అమ్మా, బాతు!" అని అరిచాడు. తెలుగులో, హాలంతా వినబడేలా.

వెనక సీటాయన ష్ అన్నాడు. మా వాడికి అదేం పట్టలేదు. మెడ సాచి ఎవరు ఊదుతున్నారా అని వెతికాడు. నెరిసిన జుట్టు ఆవిడ, చేతిలో సన్నటి నల్ల గొట్టం. "ఆవిడేనా బాతు? అందరూ ఆవిడ చెప్పినట్టే ఎందుకు చేస్తున్నారు?" అన్నాడు. అందరూ ఆ స్వరంతోనే శ్రుతి కలుపుకుంటారు నాన్నా అంటే కాసేపు ఆలోచించి, "అయితే బాతే లీడర్" అని తేల్చేశాడు. నాకు తెలిసి సంగీతం పుస్తకాల్లో పెద్దపిల్లలు చదువుకునే విషయం అది. వాడికి చెవితో దొరికింది. ఫ్లాష్ కార్డు మీద ఓబో బొమ్మ ఎన్నిసార్లు చూసినా అది దొరకదు.

తోడేలు బాతును మింగినప్పుడు వాడు తోడేలు వైపు, అంటే హార్న్‌ల వైపు, చూడలేదు. ఓబో ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ వాయిద్యం ఎత్తిన ప్రతిసారీ ముందుకి వంగేవాడు. చివర్లో వేటగాళ్లు, పీటర్, తాతయ్య అందరూ తోడేలుని జూకి ఊరేగింపుగా తీసుకెళ్తారు కదా, అప్పుడు తోడేలు కడుపులోంచి బాతు అరుపు వినిపిస్తుంది, ఎందుకంటే తొందరలో ప్రాణంతోనే మింగేసింది. ఆ ఓబో వినగానే నా చేయి గట్టిగా పట్టుకుని "ఉంది, ఇంకా ఉంది" అన్నాడు. ఇంటికొచ్చే దారంతా దాన్ని బయటికి తీయడం ఎలాగని చర్చ.

అందుకే ఆ బాతుని ముందే రక్షించేసే కథలంటే నాకు కోపం. 1946 డిస్నీ కార్టూన్‌లో చివరికి బాతు క్షేమంగా ఉన్నట్టు చూపించేస్తారు. పిల్లలు భయపడతారని, ఏడుస్తారని ఈ మార్పు. ఏడవనివ్వండి! బాతు ఏమైందో అన్న బెంగ వల్లే కదా ఓబో కోసం చెవి రిక్కించేది. బెంగ తీసేస్తే ఓబో కూడా పోతుంది.

ఇంకో హాల్లో జరిగింది కూడా చెప్పాలి, పేరు వద్దు. అదే కథ, టికెట్టు ఇంకా ఎక్కువ. వాద్యకారుల వెనక పెద్ద స్క్రీను కట్టి యానిమేషన్ వేశారు. కథ చెప్పేవాడు మైకులో అరుస్తున్నాడు, ఒక్కో జంతువుకి ఒక్కో గొంతు పెడుతున్నాడు. పిట్ట స్వరం మొదలైనా మాట ఆపడు. పాపం ఫ్లూట్ ఆయన ఎంత చక్కగా ఊదాడో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. చుట్టూ పిల్లలందరి కళ్లూ స్క్రీను మీదే. ఆర్కెస్ట్రాని చూడ్డానికి వచ్చి ఆర్కెస్ట్రాని చూడకుండా వెళ్లారు. నిర్వాహకులకి ఉత్తరం రాశాను. "పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు" అని జవాబొచ్చింది.

పిల్లల కీబోర్డుల గురించి కూడా ఒక మాట. అందులో ఫ్లూట్ అని ఒక బటన్, ట్రంపెట్ అని ఒక బటన్ ఉంటాయి. నొక్కితే అన్నీ ఒకే ప్లాస్టిక్ గొంతు. వాయిద్యాల పరిచయం అని చెప్పి దాన్ని కొనకండి. ఊపిరి తీసుకునే చప్పుడు, కమాను తీగను పట్టే చప్పుడు లేకపోతే అది వాయిద్యమే కాదు.

ఈ కథ అయ్యాక ఏంటి అంటే, ఫ్రెంచ్ స్వరకర్త సెయింట్ సాన్స్ 1886లో రాసిన ‘కార్నివల్ ఆఫ్ ది యానిమల్స్’. వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దదైన డబుల్ బేస్ ఏనుగు, దానికంటే చిన్నదైన చెల్లో హంస. చిన్న చిన్న ముక్కలు కాబట్టి రోజుకొకటి పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన ‘యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా’ కూడా చాలామంది చెప్తారు. గొప్ప రచనే, కానీ అందులో కథ లేదు. వాయిద్యాలు గుంపులు గుంపులుగా వస్తాయి. తొమ్మిది పదేళ్లు వచ్చాక పెట్టండి.

ఇండియాలో ఉంటే నిజమైన ఆర్కెస్ట్రా దొరకడం కష్టమే. ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళా కేంద్రంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, అటు వెళ్లే పని పడితే వాళ్ల కచేరీలు చూసుకోండి. లేకపోతే ఫరవాలేదు, మంచి స్పీకరూ మీ గొంతూ చాలు. ఒక్కటి మాత్రం చేయకండి, కథ అయిపోగానే "ఇది ఏ వాయిద్యం చెప్పు" అని పరీక్ష పెట్టకండి. మళ్లీ పెట్టమని పాప అడిగితే మీ పని అయినట్టే.

ఇక క్లాసు సంగతి. ఐదేళ్లకి వయొలిన్, చెల్లో అయితే పిల్లల సైజుల్లో దొరుకుతాయి, చేర్పించవచ్చు. ఓబో, బసూన్ లాంటివి అప్పుడే కుదరవు. వేళ్లు అందవు, ఊపిరి చాలదు, పాలపళ్లు ఊడే వయసులో పెదాల పట్టు నిలవదు. మా వాడు ఓబోనే కావాలని ఏడ్చాడు. టీచరు ఇంకా కొన్నేళ్లు ఆగమన్నారు, ఈలోగా రికార్డర్ ఇచ్చారు. చవకైన చిన్న ప్లాస్టిక్ పిల్లనగ్రోవి అది. దాని మీద వాడు మొదట సొంతంగా వెతికి పట్టుకున్నది బాతు స్వరాన్నే. మీ పాప కూడా ఊదేవాటి మీదే మనసు పడితే అలాంటిది ఒకటి కొనివ్వండి.