ఆరు పెట్టలకు రెండు పుంజులు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు కె.ఆర్. పురంలో స్థిరపడ్డాం. గుడ్ల కోసం ఇంటి వెనుక ఎనిమిది నాటుకోడి పిల్లలను పెంచితే వాటిలో రెండు పుంజులయ్యాయి. ఇప్పుడు వాటికి ఏడు నెలలు. తెల్లవారుజామునే కూస్తున్నాయని పక్కింటివారు గొడవ చేస్తున్నారు. పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతున్నాయి. పుంజులు లేకపోతే పెట్టలు గుడ్లు పెడతాయా? కోయడానికి మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజుతో పని లేదండీ. పుంజు ఉంటే ఆ గుడ్డు పొదగడానికి పనికివస్తుంది, అంతే. పుంజు తోడు లేని గుడ్డులో బలం ఉండదని ఊళ్లలో చాలామంది నమ్ముతారు కానీ పోషకాల్లో ఏ తేడా ఉండదు.

ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. మీ దగ్గర మూడు పెట్టలకే ఒకటి ఉంది. జత కట్టేటప్పుడు పుంజు ముక్కుతో మెడ ఈకలు పట్టుకుని, గోళ్లతో వీపు మీద నిలబడుతుంది. అవే పెట్టలు రోజూ ఈ బాధ పడుతున్నాయి. చర్మం చిట్లి రక్తం కనిపిస్తే తోటి కోళ్లు కూడా అక్కడే పొడుస్తాయి. గాయపడిన పెట్టను ఈ రోజే వేరుచేసి పొవిడోన్ అయోడిన్ రాయండి.

కూత మాన్పించడం కుదరదు. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రోజంతా మసక వెలుగులోనే ఉంచిన పుంజులు కూడా తెల్లవారే వేళకు కూస్తున్నట్టు గమనించారు. దాని ఒంట్లోని గడియారమే దాన్ని కూయిస్తుంది. గూడు చీకటి చేస్తే కొంత ఫలితం ఉండవచ్చు, అంతకుమించి ఆశపడకండి. గొంతుకు పట్టీ కట్టడం, గాలి ఆడని పెట్టెలో మూయడం మాత్రం చేయవద్దు. ఒక పుంజును పంపేసినా రెండోది కూస్తూనే ఉంటుంది. అందుకే, మీకు కోడిపిల్లలు అవసరం లేదు కాబట్టి, రెండింటినీ పంపేయమనే నా సలహా. పిల్లలు కావాలనుకున్నా, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలైతే వీటిని జత కట్టించడం మంచిది కాదు.

హోస్కోటె, మాలూరు, చింతామణి వైపు పదీ పదిహేను పెట్టలు ఉండి పుంజు కోసం చూసేవారు ఉంటే, ఇవ్వడానికి అదే మంచి చోటు. కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేయించారో వారికి చెప్పండి, తమ కోళ్లలో కలపడానికి ముందు రెండు మూడు వారాలు వేరుగా ఉంచమనండి. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసి పంపకండి, గాలి ఆడే గంపలో పంపండి. సంక్రాంతి ముందు ఎక్కువ ధర ఇస్తామని వచ్చేవారికి మాత్రం ఎంత ఇచ్చినా అమ్మవద్దు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కోడిపందెం నేరం. ఆ పుంజు కత్తి కట్టుకుని చావడానికే వెళుతుంది. రాత్రిపూట చెరువు గట్టున వదిలిరావడం కూడా అంతే దారుణం. ఇంట్లో గింజలు తిని పెరిగిన కోడి కుక్కల మధ్య ఎన్నాళ్లో బతకదు.

తీసుకునేవారు దొరకకపోతే కోసి తినడంలో తప్పేమీ లేదు. మందులేవైనా వాడి ఉంటే, ఎన్ని రోజులు ఆగాలో పశువైద్యుడిని అడిగాకే కోయించండి. ముందు ఎనిమిది గంటలు మేత ఆపి, నీళ్లు మాత్రం ఉంచండి. ఈ వయసు పుంజు మాంసం గట్టిగా ఉంటుంది. ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి, సన్నని మంట మీద ఎక్కువసేపు ఉడికిస్తే రాగి సంకటిలోకి ఎంతో బాగుంటుంది. అబ్బాయికి అబద్ధం చెప్పి పుంజులను మాయం చేయకండి. ఎందుకు పంపుతున్నారో, ఎక్కడికి పంపుతున్నారో చెప్పండి. పెట్టల వీపులు చూపిస్తే వాడికే అర్థమవుతుంది.

పుంజులు వెళ్లిన తర్వాత కూడా రెండు మూడు వారాల దాకా పెట్టలు పొదిగే గుడ్లే పెట్టవచ్చు. ఎండాకాలంలో అలాంటి గుడ్లు బయట ఉంటే లోపల పిండం ఎదగడం మొదలవుతుంది కాబట్టి రోజూ ఏరి చల్లని చోట ఉంచండి. పూర్తిగా ఊడిన ఈకలు కొన్ని వారాల్లో మళ్లీ వస్తాయి. విరిగిపోయినవి మాత్రం పెట్ట ఈకలు రాల్చే కాలం దాకా అలాగే ఉంటాయి, కంగారుపడవద్దు.