అమ్మాయిని ఇచ్చే హక్కు ఎవరిది? తమిళ సినిమాపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తమిళ చిత్రాలలో ప్రేమ, కుటుంబం, వాటి మధ్య నలిగే మనుషుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 'రక్త సంబంధం' చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్న తరం మాది. దాని మాతృక 'పాశమలర్' ఈమధ్యే చూశాను. తమిళంలో ప్రేమకథ మధ్యలోకి అన్న ఇంత తరచుగా ఎందుకు వస్తాడు? ప్రేమించినవాడి కన్నా అతనికే ఎందుకు పెద్దపీట? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

మీరు గమనించినది నిజమే. 1961లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన 'పాశమలర్'లో ప్రేమికుడు జెమినీ గణేశన్ అయినా, చిత్రం ముగిశాక మన మనసులో మిగిలేది శివాజీ గణేశన్, సావిత్రి. మరుసటి ఏడాది ఎన్టీఆర్‌తో తెలుగులో తీసినప్పుడు కూడా చెల్లెలి పాత్రను సావిత్రే ధరించారు. అంతకు ముందు, శివాజీ తొలి చిత్రం 'పరాశక్తి' (1952) కూడా రంగూన్‌లో స్థిరపడిన అన్నలకూ, మదురైలో పెళ్లి కావలసిన చెల్లెలు కల్యాణికీ మధ్య ఉన్న దూరంతోనే మొదలవుతుంది.

దీనికి మూలం బంధుత్వాల అల్లికలో ఉందని నేను అనుకుంటాను. మేనరికం చెల్లుబాటయ్యే సమాజంలో అన్నాచెల్లెళ్ల బంధం ఆమె పెళ్లితో తెగిపోదు. రేపు ఆమె బిడ్డలకు అతడు మేనమామ అవుతాడు, బహుశా ఆ తర్వాత వియ్యంకుడు కూడా అవుతాడు. తమిళులు 'తాయ్‌మామన్' అని పిలిచే ఆ మేనమామ ఒడిలో కూర్చోబెట్టి బిడ్డకు చెవులు కుట్టిస్తారు. చెల్లెలి ఇంట ఏ శుభకార్యం జరిగినా అతడు తెచ్చే సారె, వాళ్ల మాటలో 'సీర్', రాకపోతే ఆ వేడుకకు నిండుతనం రాదు. ఇదంతా మనకూ తెలిసినదే కనుకనే ఆ కథలు తెలుగులోకి అంత సులువుగా వచ్చాయి. అలాంటి ఇంట్లో చెల్లెలు తనంత తానుగా ఒకరిని ఎంచుకున్నప్పుడు, అన్నకు చెల్లెలు దూరమవుతుందన్న బాధ ఒక్కటే ఉండదు. రాబోయే తరంతో తనకుండే సంబంధాన్ని ఎవరో తనను అడగకుండానే తేల్చేశారన్న బాధ కూడా ఉంటుంది. 'పాశమలర్'లో అన్నాచెల్లెళ్లు చెరొక చోట తమ బిడ్డలకు జోలపాడే ఘట్టం, కణ్ణదాసన్ సాహిత్యంతో, విశ్వనాథన్–రామమూర్తి సంగీతంతో అంతగా గుండెను పట్టడానికి కారణం ఆ తెగిన దారమే.

అయితే ఈ ప్రేమలో అధికారం కూడా కలిసి ఉంటుంది. దాన్ని నిజాయితీగా చూపిన చిత్రం, నా దృష్టిలో, మహేంద్రన్ తీసిన 'ముళ్ళుం మలరుం' (1978). రజనీకాంత్ పోషించిన కాళి వించ్ (ట్రాలీని లాగే యంత్రం) ఆపరేటర్. చెల్లెలు వళ్ళి అంటే ప్రాణం. ఆమెను కోరిన ఇంజనీరు (మన శరత్‌బాబు) అంటే మాత్రం పడదు. చివరకు అందరూ ఆమెను పెళ్లికి తీసుకువెళుతుంటే అతడు ఎదురవుతాడు, ఆమె అందరినీ వదిలి అన్న దగ్గరకే తిరిగి వస్తుంది. చెల్లెలికి తనకన్నా ఎవరూ ఎక్కువ కాదని తేలిన ఆ క్షణంలోనే అతడు ఆమెను ఆ ఇంజనీరు చేతికి అప్పగిస్తాడు, నువ్వు నాకు ఇప్పటికీ నచ్చలేదని అతని ముఖాన్నే చెబుతూ. ఆ ముగింపు నన్ను కదిలిస్తుంది, కలవరపెడుతుంది కూడా. ఆమె ప్రేమ గెలవాలంటే ముందు ఆమె ఓడిపోవడానికి సిద్ధపడవలసి వచ్చింది కదా.

ప్రశ్న: మణిరత్నం ప్రేమకథలలో కుటుంబ పెద్దలు క్రూరులుగా కనిపించరు. మరి సంఘర్షణ దేనితో? (ఒక పాఠకుడు, విజయవాడ)

'మౌనరాగం' (1986) గుర్తు చేసుకోండి. దివ్య తండ్రి మాట కాదనలేక పెళ్లి చేసుకుంటుంది, ఢిల్లీకి కాపురానికి వెళ్లాక భర్త ఏం కావాలని అడిగితే విడాకులు కోరుతుంది. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల దావా వేయడానికి హిందూ వివాహ చట్టం సాధారణంగా అనుమతించదు. ఆ నిబంధన వల్లే ఇద్దరూ ఒకే కప్పు కింద అపరిచితులలా గడపవలసి వస్తుంది. ఒక చట్టపు గడువును ప్రేమ పుట్టడానికి వ్యవధిగా మార్చడం గొప్ప ఊహ. తెలుగులో 'సఖి'గా వచ్చిన 'అలైపాయుదే' (2000) ఇంకో అడుగు వేసింది: రహస్యంగా పెళ్లి చేసుకుని ఎవరి పుట్టింట్లో వాళ్లు ఉన్నన్నాళ్లూ అంతా మధురంగానే ఉంటుంది, విడిగా సంసారం పెట్టాకే అసలు గొడవలు మొదలవుతాయి. ప్రాచీన తమిళ లక్షణ గ్రంథమైన తొల్కాప్పియం ప్రేమను 'కళవు', 'కఱ్పు' అని, అంటే పెళ్లికి ముందరి చాటు వలపు, పెళ్లి తర్వాతి కాపురం అని రెండుగా విభజించింది. మన సినిమాలు చాలావరకు మొదటిదానితోనే ఆగిపోతాయి. మణిరత్నం రెండోదానికి కూడా అంతే శ్రద్ధ ఇచ్చాడు.

ప్రశ్న: 'ఏ మాయ చేసావే' తెలుగులో సుఖాంతం, తమిళంలో విషాదాంతం. ఎందుకు? (ఒక విద్యార్థిని, తిరుపతి)

గౌతమ్ మీనన్ ఒకే కథను రెండు భాషల్లో తీసి 2010 ఫిబ్రవరి 26న విడుదల చేశాడు. తమిళ రూపం 'విణ్ణైతాండి వరువాయా'లో ఆ జంట కలవదు. దర్శకుడి మనసులోని కారణాన్ని నేను ఊహించను కానీ, కథకు తమిళ ముగింపే న్యాయం చేసిందని నా అభిప్రాయం. కథానాయిక జెస్సీ చర్చిలో నిలబడి పెద్దలు తెచ్చిన సంబంధాన్ని కాదనగలదు, అయినా తండ్రిని బాధపెట్టి ఇల్లు దాటలేదు. ఎవరూ ఆమెను గదిలో పెట్టి తాళం వేయలేదు. తనకు తాను వేసుకున్న ఆ సంకెళ్లు చివరికి వాటంతటవే ఊడిపోతే, అంతవరకూ ఆమె పడిన సందిగ్ధమంతా తేలికైపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి వేరే కులం అబ్బాయిని ఇష్టపడుతోందని తెలిసింది. ఆ దిగులులో ఉండగానే టీవీలో 'ప్రేమిస్తే' చూసి నిద్రపోలేకపోయాను. ఇలాంటి సినిమాలు ప్రేమించవద్దని పిల్లలను హెచ్చరిస్తున్నాయా? (ఒక తండ్రి, చిత్తూరు)

మీరు ఈ విషయం దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చూసినది బాలాజీ శక్తివేల్ తీసిన 'కాదల్' (2004) తెలుగు అనువాదం. మదురైలో మెకానిక్‌గా పనిచేసే మురుగన్, కలిగినింటి ఐశ్వర్య చెన్నైకి పారిపోయి పెళ్లి చేసుకుంటారు. ఆమె బంధువులు మాయమాటలతో వెనక్కి రప్పించి అతణ్ణి కొట్టి, ఆ అమ్మాయికి మరో పెళ్లి చేస్తారు. ఏళ్ల తర్వాత మతి చలించిన మురుగన్ ఆమెకు రోడ్డు మీద కనిపిస్తాడు. ఆ సినిమాలో పిల్లలు చేసిన నేరం నాకేమీ కనిపించలేదు. చేసినదంతా పెద్దలే. హెచ్చరిక ఉంటే అది వాళ్లకే.

అప్పటి మద్రాసు రాష్ట్ర (నేటి తమిళనాడు) ప్రభుత్వం, అన్నాదురై ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1967లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత కల్పించింది. అందులో పురోహితుడు ఉండనవసరం లేదు, కన్యాదానం ఉండదు. బంధుమిత్రుల ఎదుట ఇద్దరూ ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పి దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా చాలు. అంటే అమ్మాయిని 'ఇచ్చే' మనిషి చట్టం దృష్టిలో అవసరం లేకుండా పోయి అర్ధ శతాబ్దం దాటింది. ఇళ్లలో మాత్రం ఆ హక్కును ఎవరూ వదులుకోలేదు. తమిళ సినిమా మళ్లీ మళ్లీ వేలు పెట్టి చూపేది ఆ ఎడాన్నే.

మీరు మారి సెల్వరాజ్ తీసిన 'పరియేరుం పెరుమాళ్' (2018) చూడండి. తిరునెల్వేలి న్యాయ కళాశాలలో చదివే దళిత యువకుడు పరియన్. తోటి విద్యార్థిని జో అతణ్ణి మనసారా ఇష్టపడుతుంది. తన వాళ్లు అతణ్ణి ఎంత అవమానించారో, అతని ప్రాణానికే ఎలా ఎసరు పెట్టారో ఆమెకు తెలియదు, అతడు చెప్పడు. చివర్లో ఆమె తండ్రితో పరియన్ మాట్లాడే మాటల సారం ఇది: మీరు మీలాగే ఉన్నంత కాలం, నేను కుక్కలా పడి ఉండాలని మీరు కోరుకున్నంత కాలం, ఇక్కడ ఏదీ మారదు. ఆ తండ్రి రాక్షసుడు కాడు. కూతురి మీద ప్రేమ, తన వాళ్లంటే భయం, రెండూ ఉన్న మామూలు మనిషి. అందుకే ఆయన మౌనం చూస్తుంటే కష్టంగా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఆ అబ్బాయి ఎలాంటివాడో, ఏం చదివాడో, మీ అమ్మాయిని ఎలా చూసుకుంటాడో ఒక్క మాట కూడా లేదు. కులం ఒక్కటే ఉంది. ఈ వారంలోనే మీ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మూడు సంగతులూ అడగండి, చెప్పేవరకు మధ్యలో ఆపకుండా వినండి. తర్వాత అతణ్ణి కూడా ఇంటికి పిలవండి. బంధువులకు ఏం చెప్పాలన్న సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. మీరు వాళ్ల పక్కన నిలబడితే, వాళ్లకు దొంగచాటుగా ఊరు విడిచి వెళ్లవలసిన అవసరమే రాదు.