వైట్ మెటల్ డకోటా విమానం బొమ్మ: రెక్క వంగింది, ముక్కు మీద గుంటలున్నాయి, బాగవుతుందా?

బాగవుతుంది, కానీ ముందు టంకం కాడ (సోల్డరింగ్ ఐరన్) పక్కన పెట్టండి. వైట్ మెటల్ అంటే తగరం, సీసం, యాంటిమొనీ కలిసిన లోహం. చాలా రకాలు 300 డిగ్రీల లోపే కరుగుతాయి. మా పక్కన పెంబర్తిలో ఇత్తడిని కాల్చి మెత్తబరుస్తారు కదా, ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. మామూలు టంకం కాడ తగిలితే రెక్క అంచు చుక్కలా జారిపోతుంది.

వంగిన రెక్కను కాసేపు వేడినీళ్లలో ఉంచి, బొటనవేలితో కొంచెం కొంచెంగా సరిచేయండి. అటూ ఇటూ వంచారో, విరుగుతుంది. విరిగితే ఆరల్డైట్ జిగురు చాలు, లోపల సన్నని ఇత్తడి తీగ పెడితే గట్టిగా నిలుస్తుంది.

గుంటలకు ఎం-సీల్ లప్పం నింపి, ఒక రాత్రి ఆగి, 400, తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. పొడిగా మాత్రం రుద్దొద్దు: ఆ దుమ్ములో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. పని కాగానే చేతులు సబ్బుతో కడగాలి.

తర్వాత సబ్బునీళ్లతో బొమ్మను కడిగి, ఆరాక బూడిదరంగు ప్రైమర్ పలుచగా కొట్టండి. హన్మకొండలో నేను చేసిన డకోటాకు అసలు సంగతి అప్పుడే తెలిసింది: నున్నగా ఉందనుకున్న ముక్కు మీద సూదిమొన అంత రంధ్రాలు పదీ పన్నెండు! మళ్లీ లప్పం, మళ్లీ ప్రైమర్. విసుగనిపించినా ఇక్కడ తొందరపడకండి, చివర్లో వేసే వెండిరంగు ఏ లోపాన్నీ దాచదు. దాని కింద మెరిసే నల్లరంగు వేస్తే లోహపు నిగ్గు బాగా వస్తుంది.