తల కాలి పుర్రె బయటపడినవారికి మళ్లీ జుట్టు వచ్చేలా ఆపరేషన్ చేస్తారా?

చేస్తారు. అయితే జుట్టు సంగతి చివరిది. ముందు తేలవలసింది పుర్రె మీద ఏమి కప్పుతారన్నది. మా తమ్ముడిని చూడడానికి ఆస్పత్రికి వచ్చిన బంధువుల్లో ఒక్కరైనా ఈ మాట అడగలేదు, అందరిదీ జుట్టు బెంగే.

వాడు డాబా మీది నీళ్ల ట్యాంకు కడగడానికి ఎక్కి, లేచి నిలబడేసరికి 11 కేవీ తీగ నడినెత్తికి తగిలింది. ఇళ్ల నెత్తిన తీగలు లాగినవారిని అనాలో, తీగ ఉందని తెలిసీ అంతస్తు మీద అంతస్తు లేపేవారిని అనాలో నాకు తెలియదు కానీ, మా వీధిలో ఇప్పటికీ ఆ తీగ అక్కడే ఉంది. కరెంటుకు కాలిన గాయం పైకి చిన్నగా కనిపించినా లోపల ఎముక దాకా మాడి ఉండవచ్చు. పుర్రెను అంటిపెట్టుకుని ఒక పలుచని పొర ఉంటుంది. అది బతికి ఉంటే తొడ నుంచి తీసిన చర్మం దాని మీద అతుక్కుంటుంది, అదీ మాడిపోతే రక్తం అందించేది ఏదీ లేక బోడి ఎముక మీద ఆ చర్మం నిలవదు. మావాడికి ఆ పొర మిగలలేదు. అందువల్ల వీపు పక్కనుండే వెడల్పాటి కండరాన్ని రక్తనాళాలతో సహా తీసి, చెవి ముందున్న నాళాలకు మైక్రోస్కోప్ కింద కుట్టి, దానిపై తొడ చర్మం పరిచారు. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు: పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొరను ఇలాగే తల గాయం మీదికి మార్చిన సంగతిని అమెరికా సర్జన్లు మెక్‌లీన్, బంకీ 1972లోనే ప్రచురించారు.

ఆ అతుకు మీద వెంట్రుక మొలవదు. గాయం పూర్తిగా మానాక, రెండో విడతలో, జుట్టున్న చర్మం కింద సిలికాన్ సంచి పెట్టారు; వార్డులో అందరూ దాన్ని బెలూన్ అనేవారు. కుట్లు ఆరిన తరువాత వారం వారం సన్నని సూదితో అందులోకి సెలైన్ ఎక్కించేవారు. చర్మం బిగిసి మెరుస్తూ, వేలితో నొక్కినచోట తెల్లబడి రంగు ఆలస్యంగా తిరిగివస్తే ఆ వారానికి అక్కడితో ఆపేవారు. ఆ రాత్రి వాడు దిండు మీద తల ఆన్చలేక గోడకు చేరగిలి కూర్చునేవాడు. కొన్నాళ్లకు తల ఒకవైపు కొబ్బరికాయ అతికించినట్టు ఉబ్బింది. తువ్వాలు చుట్టుకుని బస్సెక్కితే పక్కవారు లేచి వేరే సీటుకు పోయేవారు, ఇది అంటుకుంటుందా అని మా అమ్మనే అడిగినవారూ ఉన్నారు. నన్నడిగితే అసలు పరీక్ష ఈ నెలలే, ఆపరేషన్లు కావు. చీము పట్టి, సంచి చర్మాన్ని చీల్చుకుని బయటపడి, మధ్యలోనే తీయించుకోవలసి వచ్చినవారిని అదే వార్డులో చూశాను.

చివరికి సంచి తీసేసి, సాగిన చర్మాన్ని అతుకు ఉన్న మేరకు లాగి కుట్టారు. కొత్త కుదుళ్లు పుట్టవు, ఉన్నవే దూరదూరంగా పరుచుకుంటాయి కాబట్టి మావాడి నడినెత్తిన జుట్టు ఇప్పటికీ పలుచనే, కానీ అది వాడి సొంత జుట్టు, క్షవరానికి వెళ్తున్నాడు. తలలో ఇంచుమించు సగం వరకు పోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. మొత్తం పోతే లాగడానికి చర్మమే మిగలదు, అప్పుడు విగ్గే దారి. హోర్డింగుల మీద నవ్వుతూ కనిపించే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాలకు మాత్రం ముందుగా వెళ్లకండి. మచ్చలో నాటిన కుదుళ్లు రక్తం చాలక, మామూలు చర్మంలో నాటినన్ని బతకవు. ప్లాస్టిక్ సర్జన్ పని ముగిశాక అంచుల్లో ఖాళీలు నింపడానికైతే సరే.

మీకు కావలసినవారి గాయం పాతదై, మచ్చ మీద పుండు పడి మానకుండా ఉంటే మాత్రం పసరు రాస్తూ కూర్చోకుండా ముక్క తీయించి పరీక్ష చేయించండి. కాలిన మచ్చల్లో ఏళ్లు గడిచాక క్యాన్సర్ పుట్టడం ఉంది, వైద్యులు దాన్ని మార్జొలిన్ పుండు అంటారు.