పెన్‌డ్రైవ్ పాటలతో డీజే పెడితే కేసు అవుద్దా?

ప్రశ్న: మాది చీపురుపల్లి అండి. పెళ్ళిళ్ళకి డీజే పెడతాను, పాటలన్నీ ఫ్రెండ్స్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించినవే. పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: తమ్ముడూ, ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీసి చూడాలి. పెళ్ళి ఊరేగింపులోనో, పెళ్ళికి సంబంధించిన వేడుకలోనో పాట వేస్తే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇచ్చింది, దానికి లైసెన్స్ డబ్బులు అడగకూడదని 2023 జూలైలో కేంద్రం కూడా నోటీసు ఇచ్చింది. కానీ అది పాట వినిపించడానికే, నీ దగ్గరున్న దొంగ కాపీకి కాదు, అది వేరే తప్పు. డబ్బు తీసుకుని పని చేస్తున్నావు కదా, పాటలు కొనుక్కో తమ్ముడూ, బిల్లులు మెయిల్‌లో దాచుకో. నెలవారీ పాటల యాప్ ఉందిలే అనుకోకు, అది మన సొంతంగా వినడానికే ఇస్తారు. ఇక హోటల్లో న్యూ ఇయర్ పార్టీ అయితే ఈ మినహాయింపు వర్తించదు, లైసెన్స్ ఎవరు తీసుకుంటున్నారో అడ్వాన్స్ తీసుకునే ముందే అడుగు.

రాత్రి 10 దాటితే బయట సౌండ్ ఆపాల్సిందే, పెళ్ళైనా సరే.

ఫైల్స్ 320 కేబీపీఎస్‌వి, అంటే సౌండ్ నాణ్యత ఎక్కువున్నవి పెట్టుకో, వాట్సాప్‌లో వచ్చినవి పెద్ద బాక్సుల్లో గరగరమంటాయి. బొబ్బిలిలో ఓ పెళ్ళిలో సరిగ్గా అప్పగింతలప్పుడు లాప్‌టాప్ ఆగిపోయింది, ఆ కుర్రాడి చేతులు వణకడం చూశాను, అందుకే అవే పాటలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో ఉంచుకో.