స్లైడింగ్ డోర్ సందులు మూయాలి, డోర్ మాత్రం సాఫీగా జరగాలి

మీ ప్రశ్న సారాంశం: మియాపూర్‌లో ఎనిమిదో అంతస్తు, పడమటి బాల్కనీకి 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న అల్యూమినియం టూ ట్రాక్ డోర్. దుమ్ము, దోమలు, గాలివానకు నీళ్లు లోపలికొస్తున్నాయి. స్పాంజి టేపు అంటిస్తే డోర్ బిగుసుకుపోయింది. ఫ్రేముకీ గోడకీ మధ్య పెట్టించిన వైట్ సిమెంట్ ఏటా పగులుతోంది.

ముందు ఆ స్పాంజి మొత్తం పీకేయండి. అది నొక్కితే అణిగి సందు మూస్తుంది గానీ రాపిడికి ఆగదు. షట్టర్ (జరిగే తలుపు రెక్క) కదిలిన ప్రతిసారీ లాగుడు తగిలి, ఎండకు జిగురు కరిగి, చివరికి ముద్దలా చుట్టుకుని ట్రాక్‌లో పడుతుంది. మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాసి పది నిమిషాలు నాననిచ్చి తుడవండి. తర్వాత సబ్బునీళ్లతో జిడ్డు పూర్తిగా పోగొట్టండి. జిడ్డు మీద ఏ సీలెంటూ (సందు పూడ్చే పేస్టు) నిలవదు.

జరిగే చోట బ్రష్ (వెంట్రుకల పట్టీ), వచ్చి ఆనే చోట రబ్బరు, అసలు కదలని చోట సీలెంట్. మీ ఇంట్లో ఈ మూడూ తారుమారయ్యాయి.

సందు కొలవడానికి ముందు రోలర్లు, అంటే షట్టర్ అడుగున ఉండే చక్రాలు చూడండి. షట్టర్‌ని చట్రానికి వేలెడు దూరంలో ఆపి, పైన ఎంత సందుందో కింద ఎంతుందో పోల్చండి. తేడా ఉంటే షట్టర్ వాలింది. షట్టర్ పక్క అంచున అడుగు భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది, లోపల రోలర్ స్క్రూ. కొద్దికొద్దిగా తిప్పుతూ సమానం చేయండి. ఎటు తిప్పితే లేస్తుందనేది ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. రోలర్ అరిగి చదునైతే మార్చాల్సిందే, షట్టర్‌కి రెండు చొప్పున నాలుగు. వాలిన షట్టర్‌కి ఎంత మంచి బ్రష్ వేసినా ఒక మూల బిగుసుకుని ఇంకో మూల తెరుచుకునే ఉంటుంది.

ఇప్పుడు కొలత. చపాతీ పిండి చిన్న ఉండ చేసి, పలుచని పాలిథిన్ కవర్‌లో చుట్టి, షట్టర్‌కీ ట్రాక్ గోడకీ మధ్య పెట్టి డోర్ వేయండి. తీసి, అణిగిన మందం స్కేలుతో చూడండి. పైన, మధ్యన, కింద మూడుచోట్లా చూడాలి. ఆ మందానికి బ్రష్ కూర్చునే గాడి లోతు కలిపి, ఇంకో 1 మి.మీ. చేర్చండి. సందు 4, గాడి 2 అయితే 7 మి.మీ. ఎత్తు బ్రష్ కావాలి. గాడి లోతు మరిచిపోయే చాలామంది పొట్టి బ్రష్ తెచ్చుకుంటారు. 2, 3 మి.మీ. ఎక్కువైనా డోర్ బరువెక్కుతుంది.

షాపులో ఈ బ్రష్‌ని ఊల్ పైల్ అంటారు. పాతది రెండంగుళాల ముక్క పట్టుకుని రాణిగంజ్ గానీ ట్రూప్‌బజార్ గానీ వెళ్లండి, అడుగు పట్టీ వెడల్పు (ఎక్కువగా 4.8 లేదా 6.7 మి.మీ.) సరిగ్గా కలవాలి. వెంట్రుకల మధ్య పలుచని ప్లాస్టిక్ రేకు నిలబెట్టి ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, గాలినీ నీటినీ బాగా ఆపుతుంది. ఒక్కో షట్టర్‌కి పైనా కిందా రెండేసి వరసలు, హ్యాండిల్ వైపు రెండు, ఇంటర్‌లాక్ (రెండు షట్టర్లు మధ్యలో కలిసే అంచు) వైపు ఒకటి లెక్కేస్తే 37 అడుగులు. రెండిటికీ 74 అడుగులు, అంటే 22.5 మీటర్లు. 25 మీటర్లు తెచ్చుకోండి.

షట్టర్ దించడానికి ఇద్దరుండాలి. 5 మి.మీ. అద్దమే ముప్పై కిలోలు దాటుతుంది. రోలర్లు పైకి లాక్కుని, షట్టర్‌ని పై ట్రాక్‌లోకి ఎత్తి, అడుగు భాగం బయటికి లాగాలి. పాత బ్రష్ పటకారుతో లాగేసి, గాడిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్తది జొనపండి. సాగదీయొద్దు. సాగదీసింది వారంలో ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. 3 మి.మీ. ఎక్కువగా కోసి, రెండు చివర్లా ఒక్కో చుక్క ఫెవిక్విక్ చాలు.

దోమలు ఎక్కువగా వచ్చేది ఎవరూ చూడని చోటు నుంచి. రెండు షట్టర్లు ఒకదాన్నొకటి దాటే మధ్యభాగంలో, పై ట్రాక్‌లోనూ కింది ట్రాక్‌లోనూ వేలు పట్టేంత బెజ్జం ఉంటుంది. అక్కడ అంగుళం పొడవు దట్టమైన బ్రష్ దిమ్మె పెట్టాలి. గాలి ఉన్న సాయంత్రం ఫ్యాన్లు ఆపి అగరబత్తి అక్కడ పట్టుకోండి, పొగ గదిలోకి వంగుతుంది.

హ్యాండిల్ వైపు షట్టర్ వచ్చి చట్రానికి ఆనే చోట మాత్రం డి ఆకారపు ఈపీడీఎం (ఎండావానలకు ఆగే రకం) రబ్బరు వేయండి. అక్కడ రాపిడి లేదు, నొక్కుడే. లాక్ వేయడానికి బలం పెట్టాల్సొస్తే ఒక సైజు తగ్గించండి.

గోడ సంగతి. 7 అడుగుల అల్యూమినియం 40 డిగ్రీల తేడాకి దాదాపు 2 మి.మీ. సాగుతుంది. వైట్ సిమెంట్ సాగదు కాబట్టి పగులుతుంది. దాన్ని చెక్కేసి, పుట్టీ, పెయింట్ కూడా గీకి, గట్టి ప్లాస్టరింగ్ దాకా వెళ్లండి. పెయింట్ మీద వేసిన సీలెంట్ పెయింట్‌తో సహా ఊడొస్తుంది. సందులో ముందు బ్యాకర్ రాడ్, అంటే ఫోమ్ తాడు దూర్చాలి. 10 మి.మీ. సందుకి 12 లేదా 13 మి.మీ. తాడు. అది లేకపోతే సీలెంట్ వెనక గోడకి కూడా అతుక్కుని, సాగలేక చిరుగుతుంది. తాడు పైన 5 మి.మీ. లోతు సీలెంట్ చాలు. చుట్టుకొలత 9 మీటర్లు, 300 మి.లీ. ట్యూబ్ ఈ సైజుకి 6 మీటర్లొస్తుంది, కాబట్టి రెండు. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. వెనిగర్ వాసనొచ్చే చవక రకం సిమెంటును సరిగా పట్టదు, లోహాన్ని తింటుంది. పొద్దున్నే, గోడ పొడిగా ఉన్నప్పుడు వేయండి, ఒక రోజు నీళ్లు తగలనివ్వద్దు. లోపలి వైపు పెయింట్ వేయాలనుకుంటే అక్కడ యాక్రిలిక్ సీలెంట్, ఎందుకంటే సిలికాన్ మీద రంగు నిలవదు.

కింది ట్రాక్ బయటి అంచున చిన్న చీలికలుంటాయి, దయచేసి వాటిని మూయకండి. ట్రాక్‌లో పడిన నీళ్లు బయటికి పోయే దారి అదే. అవి మూసుకుపోతే ట్రాక్ నిండి, నీళ్లు హాల్లోకే పొర్లుతాయి. జూన్‌కి ముందు చీపురుపుల్లతో మట్టి తీసి, ఒక చెంబు నీళ్లు ట్రాక్‌లో పోసి చూడండి. నిమిషంలోపు బయటికి పోవాలి. పోయి బాల్కనీ నేల మీద తలుపు వైపే నిలిస్తే నేల వాలు తప్పు, దానికి టైల్స్ పనివాళ్లు కావాలి. ఏ బ్రష్షూ ఆపలేదు.

ట్రాక్‌లో నూనె, గ్రీజు వేయకండి, దుమ్ము పట్టి నల్లటి ముద్దవుతుంది. పనంతా అయ్యాక, సీలెంట్ ఆరాక, సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి ట్రాక్ తుడిస్తే చాలు.