కాంక్రీటు జలాంతర్గామి: పోతకు ముందే తెచ్చుకోవాల్సిన కాగితాలు

ప్రశ్న: ముగ్గురు స్నేహితులం కలిసి కాంక్రీటుతో చిన్న జలాంతర్గామి కట్టుకోవాలనుకుంటున్నాం. స్టీలు కంటే చవకని మా లెక్క. సొంత సరదాకే కాబట్టి అనుమతులు అక్కర్లేదని ఒకరి వాదన. ఎక్కేవాళ్ల దగ్గర ‘ప్రమాదం జరిగితే బాధ్యత నాదే’ అని సంతకం తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 2023 జూన్‌లో నీటి ఒత్తిడికి నలిగిపోయిన టైటన్ అనే చిన్న జలాంతర్గామిలో ఐదుగురు చనిపోయారు. ప్రాణాపాయం ఉందని రాసిన పత్రాల మీద ముందే సంతకాలు చేయించుకున్నా, మృతుల్లో ఒకరి కుటుంబం మరుసటి ఏడాది 5 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరుతూ దావా వేసింది. ముప్పుకు ఒప్పుకున్నవారు కట్టినవాళ్ల ఘోర నిర్లక్ష్యానికి కూడా ఒప్పుకున్నట్టేనని చాలా దేశాల్లో కోర్టులు అనుకోవు. క్రిమినల్ కేసునైతే ఏ సంతకమూ ఆపలేదు.

టైటన్‌కు ఏ క్లాసిఫికేషన్ సంస్థ (ఓడల డిజైన్‌నూ నిర్మాణాన్నీ తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థ) సర్టిఫికెట్టూ లేదు. మీరు భయపడాల్సింది కూడా ఇక్కడే. వంద మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు వంద టన్నుల బరువు పడుతుంది. నొక్కుడుకు కాంక్రీటు బాగానే ఆగుతుంది, లాగుడుకు ఆగదు. హ్యాచ్ (ఎక్కిదిగే ద్వారం) రింగు చుట్టూ, పైపులు బయటికి వచ్చే రంధ్రాల దగ్గర, ఉదయం పోసిన పోతకు మధ్యాహ్నపు పోత అతుక్కున్న చోట బలహీనత దాక్కుంటుంది. గట్టిపడ్డాక లోపల ఇనుము సరిగ్గా ఉందో లేదో, ఎక్కడైనా గుల్ల మిగిలిందో చూడటం చాలా కష్టం. అప్పుడు వచ్చి సర్టిఫికెట్ అడిగితే ఆ సంస్థ తరఫున తనిఖీ చేసే ఏ సర్వేయరు సంతకం పెడతాడు? అందుకే పోతకు ముందే డ్రాయింగులు సమర్పించండి, పోత రోజున సర్వేయరును పిలవండి. ఇనుప అల్లిక ఫొటోలు, 28 రోజుల క్యూబ్ టెస్ట్ (అదే కాంక్రీటుతో పోసిన దిమ్మల బలాన్ని కొలిచే పరీక్ష) ఫలితాలు దాచుకోండి. రేపు బీమా కంపెనీ అయినా, కోర్టయినా అడిగేది వాటినే.

చవక అన్న లెక్క మళ్లీ వేసుకోండి. సిమెంటు ఖర్చు అందులో చిన్న వాటా. హ్యాచ్, కిటికీలు, బ్యాటరీలు, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే పరికరం, మనుషులు లేకుండా చేయాల్సిన పరీక్షా మునకలు, సర్వేయరు ఫీజు, బీమా అన్నీ అసలు ఖర్చులే. పడవ 20 ఘనపు మీటర్లుంటే, మునగడానికి దాని బరువు కూడా 20 టన్నులకు పైగానే ఉండాలి. నీళ్లలోకి దించిన ప్రతిసారీ అంత ఎత్తగల క్రేన్ కావాలి.

అనుమతుల సంగతికొస్తే, సరదాకు కట్టినా ఓడ ఓడే. రిజిస్ట్రేషన్ షరతులు ఏ దేశానివి ఆ దేశానివి. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 20వ అధికరణ ప్రకారం, వేరే దేశపు ప్రాదేశిక జలాల గుండా వెళ్లే జలాంతర్గామి నీటి పైనే ప్రయాణించాలి, జెండా చూపాలి.

మీ ముగ్గురి మధ్య రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. మధ్యలో ఒకరు తప్పుకుంటే వాళ్ల వాటా ఏమవుతుంది, నడిపేటప్పుడు బాధ్యత ఎవరిది, మునిగిపోతే తొలగించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నవి అందులో రాసుకోండి. స్టీలు పడవ వద్దనుకుంటే తుక్కుకైనా అమ్ముడవుతుంది. కాంక్రీటు పడవనైతే పగలగొట్టి పారేయడానికి మీరే ఎదురు డబ్బివ్వాలి. ఆ ఖర్చునూ ఇప్పుడే పంచుకోండి.